పాత పద్ధతిలో నడిచేవి

సైదాపేట, మద్రాసు
16 ఫిబ్రవరి 1975

వదినకు,

మరియదాసు నమస్కరించి రాస్తున్నాను. అన్నయ్య ఏడాది పూజకు రానందుకు మీకు కోపం వచ్చే ఉంటుంది. సెలవు అడిగాను, ఇచ్చారు కూడా. సరిగ్గా ఆ వారమే మా కొత్త కంప్యూటర్ హార్బరులో దిగింది. పెట్టెలు విప్పేటప్పుడు అందరూ ఉంటే మంచిదన్నారు. ఉండిపోయాను. ఆ రోజు పొద్దున్న ఇక్కడి చర్చికి వెళ్లాను గాని, అది తమిళ పూజ. అన్నయ్య పేరు ఎవరికి చెప్పి చదివించాలో తెలియక చివరి బెంచీలో కూర్చుని వచ్చేశాను.

మీరిద్దరూ కాపరమున్న వాటాలోనే ఉంటున్నాను. మీరు నాటిన కరివేపాకు మొక్క గోడ దాటింది. నాకు వంట రాదు గనక అది ఇంటావిడకే పనికొస్తోంది.

అసలు సంగతి రాయలేదు. పాత మెషీన్లో ఉన్న ప్రోగ్రాములన్నీ కొత్తదానిలోకి మార్చాలి. ఎరువుల కంపెనీకి అన్నయ్య రాసినవి మార్చే పని మేనేజరుగారు నాకు అప్పగించారు. "శౌరయ్య పద్ధతి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుందయ్యా" అన్నారు. ఏ డిపోకి ఎన్ని బస్తాలు పంపాలో లెక్కకట్టి కాగితాలు అచ్చువేసేవి అవే. ఈనాటికీ రోజూ ఉదయం నడుస్తున్నాయి. నడుస్తున్నంతసేపూ నేను ప్రింటరు పక్కన నిలబడతాను. అవసరం లేదు, అయినా నిలబడతాను.

మీ ఆరోగ్యం ఎలా ఉంది? మీ నాన్నగారు వచ్చి వెళ్తున్నారా?

మీ మరిది
మరియదాసు


వన్ టౌన్, విజయవాడ
24 ఫిబ్రవరి 1975

మరియదాసూ, నీకు మరియమాత తోడుండుగాక.

కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఫాదర్‌గారు శౌరయ్య పేరు చదివినప్పుడు ముందు బెంచీలో నేనొక్కదాన్నే ఉన్నాను. మీ అన్నయ్యకి తమ్ముడు ఉన్నాడని ఊరందరికీ తెలుసు. ఇక ఆ మాట వదిలేద్దాం.

గుణదల తిరునాళ్ళకి మా నాన్నా, బంటుమిల్లి చుట్టాలూ దిగారు. ఈ ఒక్క గదిలో ఎంతమంది పడుకున్నారో నువ్వు చూసుంటే నవ్వేవాడివి. గుమ్మంలో కాలు పెట్టడానికి చోటు లేదు. కొండ ఎక్కారు, దిగారు, కొబ్బరికాయలూ కొవ్వొత్తులూ అయ్యాయి, గాజులు కొనుక్కుని బస్సెక్కారు. వాళ్ళు వెళ్లాక గది ఊడుస్తుంటే, అంత చిన్న గది అంత పెద్దదెట్లా అయిందా అనిపించింది. పగలు బడి ఉంది గనక సరిపోతుంది. కింద పురికొసల కొట్టు, వీధిలో తోపుడుబళ్ళు, చెవులు చిల్లులు పడతాయి. ఆదివారం కొట్లు కట్టేస్తే మాత్రం కుక్క మొరిగినా ప్రాణం లేచొస్తుంది.

నాకొకటి సరిగ్గా చెప్పు. మార్చడమంటే ఏమిటి? మా బళ్ళో బెంచీలు మార్చారంటే పాతవి విరగ్గొట్టి పొయ్యిలో పెట్టారని అర్థం. ఇదీ అంతేనా? ఆయన ఆ ప్రోగ్రాముల కోసం పండగలు కూడా చూసుకోలేదు. నీకు తెలియనిది కాదు.

వేళకి తిను. హోటల్ సాంబారు పొట్టకి మంచిది కాదు.

వదిన
సంపూర్ణమ్మ


సైదాపేట, మద్రాసు
13 మార్చి 1975

వదినకు నమస్కారాలు.

పారెయ్యడం కాదు. మీరు పిల్లలకి లెక్కలు చెప్తారు గనక చెప్తే మీకు తెలుస్తుంది.

మెషీన్ లోపల రిజిస్టర్లని ఉంటాయి. లెక్క జరుగుతున్నంతసేపూ అంకెల్ని పట్టుకునే చోట్లు అవి. కాగితం మీద గళ్ళ వరస అనుకోండి. పాత మెషీన్ రిజిస్టరులో ఇరవై నాలుగు గళ్ళు. ఏ వివరం ఎక్కడ దాచామో చెప్పే చోటు నంబరు అందులో కింది పదిహేను గళ్ళలో పట్టేది. చోటు నంబరు చదివేటప్పుడు మెషీన్ పైగళ్ళ వంక చూసేదే కాదు. అవి ఖాళీ. ఆ రోజుల్లో మెమరీ ఎంత ఇరుకంటే, ఒక్క గడి వృథా చెయ్యాలన్నా ప్రాణం ఒప్పేది కాదు. అందుకని అన్నయ్య ప్రతి డిపో చోటు నంబరుకి పైన ఉన్న ఖాళీ గళ్ళలో చిన్న గుర్తు పెట్టుకున్నాడు. అది రైలు వ్యాగన్ వెళ్లే డిపోనా, లారీ మాత్రమే వెళ్లేదా అని. మెషీన్‌కి అది కనబడదు, అన్నయ్య ప్రోగ్రాముకి మాత్రం కనబడుతుంది. ఏడేళ్ళు ఒక్క తప్పు రాలేదు.

కొత్త మెషీన్లో రిజిస్టర్లు వెడల్పయ్యాయి. ముప్పై రెండు గళ్ళు. ఇది పైగళ్ళనూ చోటు నంబరులో భాగంగానే చదువుతుంది. అన్నయ్య పెట్టిన గుర్తును కూడా కలిపి చదువుకుని, లేని చోటుకి వెళ్లి, అక్కడ ఏమీ కనబడక ఆగిపోతుంది. నిన్న మూడుసార్లు ఆగిపోయింది. అందుచేత అన్నయ్య చేసింది తీసెయ్యక తప్పదు.

రామకోటేశ్వరరావుగారు గుర్తున్నారా? అన్నయ్య పక్క సీటు ఆయన. చెల్లెలి మరిది పెళ్లికి ఏప్రిల్లో విజయవాడ వస్తారట. మీకు కాఫీ పొడి ఇచ్చి పంపుతాను.

మరియదాసు


వన్ టౌన్, విజయవాడ
19 ఏప్రిల్ 1975

మరియదాసుకు,

కాఫీ పొడి అందింది. దానితోపాటు అందిందేమిటో కూడా విను.

ఆ రామకోటేశ్వరరావుగారు వచ్చేసరికి ఇంటావిడ మణెమ్మగారూ, మా బడి టీచర్లు ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. మర్యాదకి కుర్చీ వేశాను. కూర్చుని, పగలబడి నవ్వుతూ, "మీ ఆయన కొత్త మెషీన్నే ఆపేశాడండీ! లక్షలు పోసి తెచ్చారు, శౌరయ్య దెబ్బకి కదల్లేదు" అన్నాడు. ముగ్గురూ నా మొహంలోకి చూశారు. మణెమ్మగారు ఆగలేక, "పాపం, ఏదైనా తప్పు చేశారా అండీ?" అని అడిగింది. ఆయన కాఫీ తాగుతూ మళ్ళీ నవ్వాడు.

నీ ఉత్తరంలోనూ అదే ఉందిగా. 'అన్నయ్య చేసింది తీసెయ్యక తప్పదు' అని. నేను చదివినప్పుడు సర్దుకున్నాను. నలుగురిలో విన్నాక సర్దుకోలేకపోయాను. ఏడేళ్ళు ఒక్క తప్పు రానిది, మనిషి మట్టిలో కలిశాక తప్పయిందా? మీ మెషీన్ వెడల్పయితే అది ఆయన నేరమా? ఆయన బదులు చెప్పుకోలేడు. నిన్ను అక్కడికి తీసుకెళ్లి పని నేర్పి కూర్చోబెట్టినవాడి తరఫున నువ్వైనా చెప్పాలా, వద్దా?

ఆయన రాసినదాని మీద చెయ్యి వెయ్యకు. కొత్తవి కావాలంటే కొత్తగా రాసుకోండి. ఆయనది ఆయన వదిలినట్టే ఉండాలి. నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

సంపూర్ణమ్మ


సైదాపేట, మద్రాసు
26 ఏప్రిల్ 1975

వదినకు,

మీరు చెప్పినట్టే చేస్తాను.

కొత్త మెషీన్‌కి పాత పద్ధతి అని ఒకటుంది. పాత ప్రోగ్రాము వస్తోందని ముందుగా చెప్తే, అది పాత మెషీన్ లాగే నడుస్తుంది. పైగళ్ళ వంక చూడదు. చేసినవాళ్ళు తెలివైనవాళ్ళు, పాతవాటిని నడిరోడ్డు మీద వదిలెయ్యలేదు. అన్నయ్య ప్రోగ్రాములు చిల్లులు పొడిచిన అట్ట కార్డుల మీద ఉంటాయి గదా, ఒక్క కార్డు మార్చకుండా అందులో పెట్టాను. ఇవాళ పొద్దున్న నడిచాయి. నడుస్తున్నదాన్ని సీజను ముందు కదపడం మంచిది కాదని మేనేజరుగారికి చెప్పాను, సరేనన్నారు. రామకోటేశ్వరరావుగారు మాత్రం వాదించారు. పాత పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది, అది నేను చూసుకుంటాను.

ఎవరూ అన్నయ్యని ఏమీ అనలేదు వదినా. అననివ్వను కూడా.

మరియదాసు


వన్ టౌన్, విజయవాడ
22 జూన్ 1975

మరియదాసుకు వదిన దీవెనలు.

నీ ఉత్తరం వచ్చాక మనసు కుదుటపడింది. జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఈ ఎండలకి సెలవుల్లో నాన్న దగ్గరికి వెళ్ళిపోయాను. అక్కడా అంతే, వడగాడ్పు. నాన్న వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, "బ్యారేజీ కాడ నీళ్ళు వదిలారంటనా?" అని దారినపోయే ప్రతివాణ్ణీ అడుగుతుండేవాడు. వదిలారు. మాది కాలవ చివరి ఊరు గదా, మా దాకా వచ్చేసరికి సగం ఎండిపోతాయి. అయినా వచ్చాయి. నారు పోశారు.

ఇంకో శుభవార్త. మీ ఎరువుల కంపెనీ ఈ ఏడు బంటుమిల్లిలో డిపో తెరిచింది. ఇన్నాళ్ళూ గుడివాడ వెళ్లి బండికి ఎదురుచూసి తెచ్చుకునేవాళ్ళు. తాళం సొసైటీ వాళ్ళు నాన్న చేతే తీయించారు. "ఆ కాగితాలన్నీ మా అల్లుడు రాసిన లెక్కతోనే వస్తయ్" అని డిపో ముందు నిలబడి చెప్పుకున్నాడట. నేను వద్దనలేదు.

నీ సంగతులు ఏమీ రాయడం లేదేం? ఉత్తరం నిండా మెషీనే. నీకు మాట్లాడేవాళ్ళు ఉన్నారా అక్కడ?

వదిన


సైదాపేట, మద్రాసు
20 జూలై 1975

వదినకు,

ఆలస్యానికి మన్నించండి. పని ఎక్కువగా ఉంది. టైపు కొట్టి కొట్టి వేళ్ళు వాచిపోయాయి.

మాట్లాడేవాళ్ళు ఉన్నారా అని అడిగారు. ఆఫీసులో అందరూ మంచివాళ్ళే. మధ్యాహ్నం అందరం కలిసే తింటాం. వాళ్ళు తమిళంలో జోకులు వేసుకుంటారు, నేను ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతాను. అన్నయ్య ఉన్నప్పుడు నాకు తెలుగులో చెప్పేవాడు. ఆదివారం బీచికి వెళ్తాను. పోయిన ఆదివారం ఒక ముసలాయన తెలుగులో టైమడిగాడు. టైము చెప్పి, ఆయన వెంట బస్‌స్టాపు దాకా నడిచాను. నెల్లూరాయన. బస్సు వెంటనే వచ్చేసింది.

బంటుమిల్లి డిపో సంగతి విన్నాను. నాన్నగారికి నమస్కారాలు చెప్పండి. మొదటి సంవత్సరం గనక కొంచెం అటూ ఇటూ అవుతుందేమో.

మరియదాసు


వన్ టౌన్, విజయవాడ
17 ఆగస్టు 1975

మరియదాసుకు,

కొంచెం అటూ ఇటూ కాదు. పూర్తిగా అటే అయింది.

నాట్లు వేసి మూడు వారాలు దాటింది. పైరు పసుపుపచ్చగా ఉంది. పిలకలు వేసే వేళ యూరియా పడకపోతే ఇక ఎప్పుడు వేసినా ఒకటేనని నీకూ తెలుసు, నువ్వూ పొలం గట్ల మీద పుట్టినవాడివే. బంటుమిల్లి డిపోకి ఒక్క లారీ కూడా రాలేదు. గుడివాడకి వచ్చింది, కైకలూరుకి వచ్చింది. గుడివాడ వెళ్తే, "మీకు వేరే డిపో ఉంది, మీకిక్కడ ఇవ్వం" అన్నారట. ఉన్న దారీ పోయింది, కొత్తదీ రాలేదు.

నాన్న మూడు రోజుల కిందట ఇక్కడికే వచ్చాడు, వన్ టౌన్ గోడౌన్లో అడుగుదామని. పొద్దున్నుంచీ నిలబడ్డాడు. గుమాస్తా కాగితాల కట్ట తిరగేసి, "అచ్చు లిస్టులో మీ ఊరు పేరే లేదు పెద్దాయనా. టైపు కాగితం ఏదో వెనకాల వస్తుందట, అచ్చు లిస్టువాళ్ళకి అయ్యాక మిగిలితే చూద్దాం" అన్నాడు. నాన్న ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "ఈ కంపెనీవోళ్ళకి మన ఊరి పేరు రాయటం రాదంటమ్మా. అల్లుడు ఉంటే ఇట్టా జరగనిస్తాడా?" అన్నాడు. అన్నం సగమే తిన్నాడు. ఆయన దగ్గు వింటూ పడుకున్నాను. ఈ గదిలో ఇంకో మనిషి అలికిడి విని ఎన్నాళ్ళయిందో. ఇలాంటి బాధతో వచ్చాడు గదా, సంతోషించడానికి కూడా సిగ్గేసింది.

నువ్వు ఆ ఆఫీసులోనే ఉన్నావు. ఒక మాట చెప్పలేవా? లేక నిన్ను టైపు గుమాస్తాగా దించేశారా? వేళ్ళు వాచాయని రాశావు. అలాంటిదేమైనా ఉంటే దాచకు. మా ఊరు నీకు గుర్తుందా అని కూడా అడగాలనిపిస్తోంది. అడగను.

సంపూర్ణమ్మ


వన్ టౌన్, విజయవాడ
25 ఆగస్టు 1975

మరియదాసూ,

నీ జవాబు కోసం ఆగకుండా మళ్ళీ రాస్తున్నాను.

మొన్న శనివారం ఒంటిపూట బడి. నేనే నాన్నను వెంటబెట్టుకుని గోడౌన్‌కి వెళ్లాను. అక్కడ రామకోటేశ్వరరావుగారు కనిపించారు. కంపెనీవాళ్ళు ఫిర్యాదులు ఎక్కువై మీ ఆఫీసు మనిషిని పిలిపించారట. నన్ను చూసి లేచి నిలబడ్డారు. నేను పలకరించలేదు. ఆయనే వచ్చి, "నామీద మీకు కోపమని మరియదాసు చెప్పాడండీ" అన్నారు.

"కోపం రాదా? నలుగురిలో మా ఆయన మెషీన్ను ఆపేశాడన్నారు."

"అయ్యో, మెచ్చుకుంటూ అన్నానండీ! అంత ఇరుకులో అంత పని ఎవడు చేస్తాడు? మాకెవరికీ తట్టలేదు. శౌరయ్య పెట్టిన గుర్తు ఎక్కడుందో కనుక్కోవడానికే ఇంజనీర్లకి రెండు రోజులు పట్టింది. ఇంటావిడ తప్పా అని అడిగింది, నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదని అప్పుడు తోచలేదు."

ఆ తర్వాత నాన్న అడిగాడు, మా ఊరు లిస్టులో ఎందుకు లేదని. ఆయన నా వైపు చూసి, చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పారు. పాత పద్ధతిలో నడిచే ప్రోగ్రాముకి పాత మెషీన్ ఎంత మేర చూసేదో అంత మేరే కనబడుతుందట. డిపోల పట్టీ నిండిపోయింది. కొత్తగా తెరిచిన డిపోలు అందులో పట్టవు. కొత్త పద్ధతిలోకి మారిస్తే ఎన్నైనా పడతాయి. మార్చనన్నది మరియదాసేనట. కొత్త డిపోల కాగితాలు నువ్వే రోజూ సాయంత్రం కూర్చుని టైపు కొడుతున్నావట. అవి చేరేసరికి సరుకంతా అచ్చు లిస్టువాళ్ళకి వెళ్ళిపోతోందట. "ఎందుకు మార్చడం లేదంటే ఉలకడు పలకడు. ఆ కుర్రాడి కళ్ళ కింద నలుపు చూస్తే అడగబుద్ధి కాదండీ" అన్నారు.

నాన్నకి పూర్తిగా అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఇంటికొచ్చే దారంతా నాన్న కంటే నాలుగడుగులు ముందే నడిచాను.

నువ్వు ఒక్కసారైనా రాయకూడదా, 'వదినా, మీ మాట వల్ల ఇలా అవుతోంది' అని? పైగా నేను మా ఊరు గుర్తుందా అని ఎత్తిపొడిచాను. ఆ ఉత్తరం నీకు ఈపాటికి అంది ఉంటుంది. చదివి ఎలా ఉన్నావో.

నేనెందుకు ముట్టుకోవద్దన్నానో నీకు చెప్పాలి. రామకోటేశ్వరరావుగారి మీద కోపం ఒకటి. అది పైకి. లోపలిది వేరు. అవి రోజూ ఉదయం నడుస్తున్నాయని నువ్వు రాశావు గదా. నేను బడికి తయారవుతూ, జడ వేసుకుంటూ, ఈపాటికి మొదలై ఉంటాయి అనుకునేదాన్ని. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, టిఫిన్ డబ్బా అందుకుని, ఆఫీసుకి వెళ్లినట్టే ఉండేది నాకు. మట్టి ఇచ్చింది నా కళ్ళముందే. అయినా ఎక్కడో ఆయన ఇంకా పనికి వెళ్తున్నాడు, సాయంత్రం రావడం మాత్రం లేదు, అంతే. ఆ మాట ఎవరికి చెప్పినా పిచ్చిదంటారు. వాటిని మార్చేస్తే ఆ వెళ్లడం కూడా ఆగిపోతుందనుకున్నాను.

కానీ మరియదాసూ, ఆయన వెళ్లేది డిపోలకి బస్తాలు పంపడానికి. మా నాన్న గోడౌన్ ముందు ఎండలో నిలబడడానికి కాదు. ఆయనే ఉంటే ఆ గుర్తుల్ని ఎప్పుడో తీసేసి, నవ్వి, అవతలికి వెళ్లేవాడు.

మార్చు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. త్వరగా మార్చు.

నీ వదిన


సైదాపేట, మద్రాసు
14 సెప్టెంబరు 1975

వదినకు,

మీ రెండు ఉత్తరాలూ ఒకే వారంలో అందాయి. మొదటిది చదివి ఆ రోజు ఆఫీసుకి వెళ్లలేదు. రెండోది చదివి వెంటనే వెళ్లాను.

మీరు నా గురించి మరీ మంచిగా అనుకుంటున్నారు. మీరు వద్దన్నారని ఆగిపోయాను, నిజమే. కానీ మీరు వద్దనకపోయినా నేను అంత తొందరగా చేసి ఉండేవాణ్ణి కాదు. మార్చి నెలంతా ఆ కార్డుల కట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కటి తియ్యబుద్ధి కాలేదు. మీ ఉత్తరం వచ్చాక నాకు వంక దొరికింది. ఆపైన టైపు కొట్టడం కష్టమనిపించలేదు. అన్నయ్య వదిలిన ఖాళీ నేను పూరిస్తున్నాననిపించేది. అటుపక్క ఎండలో ఎవరు నిలబడుతున్నారో నాకు కనబడలేదు. మీరు రాశాకే కనబడింది.

మార్చేటప్పుడు ఒకటి గమనించాను. అన్నయ్య కార్డులకి వరస నంబర్లు వేసేటప్పుడు పదీ, ఇరవై, ముప్పై అని వేశాడు. మధ్యలో ఎవరైనా కొత్త కార్డు చేర్చాలంటే చోటుండాలని. ఇది అందరూ చేసేదే, అన్నయ్య ఒక్కడే కనిపెట్టింది కాదు. అయినా పదికీ ఇరవైకీ మధ్య నా మొదటి కార్డు పెట్టినప్పుడు చాలాసేపు అక్కడే కూర్చున్నాను. రైలు డిపోనా, లారీ డిపోనా అనే గుర్తుకి ఇప్పుడు వేరే చోటు ఇచ్చాను. చోటుకి ఇప్పుడు కరువు లేదు. రామకోటేశ్వరరావుగారు భోజనం కూడా మానేసి నాతోపాటు కూర్చున్నారు.

బుధవారం పొద్దున్న కొత్త పద్ధతిలో మొదటిసారి నడిచింది. మొదట ఆగిపోయింది, నా తప్పే, ఒక చోట తీయడం మరిచిపోయాను. దిద్దాక నడిచింది. ప్రింటరు మీద బంటుమిల్లి పేరు వచ్చింది. కొత్త డిపోలన్నీ వరసగా వచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. మామూలుగా ఒక మనిషి పక్క నుంచి లేచి వెళ్లిపోయాక కుర్చీ ఎలా ఉంటుందో అలా ఉంది.

మీకు ముందే చెప్పవలసింది ఒకటుంది, ఇద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. మార్చవలసింది అన్నయ్య రాసినవన్నీ కాదు. డిపోల పట్టీని ముట్టుకునే నాలుగు మాత్రమే. మిగతావాటికి ఇరుకేమీ లేదు. అవి పాత పద్ధతిలోనే ఉన్నాయి, అన్నయ్య వదిలినట్టే. ఈ మెషీన్ ఉన్నన్నాళ్ళూ నడుస్తాయి. ఇది పోయి ఇంకొకటి వచ్చినా దానికీ పాత పద్ధతి ఒకటి పెడతారంటున్నారు. అవి ఏం చేస్తాయో రాయమంటే రాస్తాను.

మరియదాసు


బంటుమిల్లి
28 సెప్టెంబరు 1975

మరియదాసుకు,

దసరా సెలవులకి ముందే రెండు రోజులు సెలవు పెట్టి నాన్న దగ్గరికి వచ్చాను. ఇది ఇక్కడి నుంచే రాస్తున్నాను, కాగితం మీద మరకలు చూసి ఏమీ అనుకోకు. నాన్న కిరసనాయిలు దీపం తుడిచిన గుడ్డతోనే బల్లా తుడిచాడు.

సరుకు వచ్చింది. మీ అచ్చు కాగితం డిపో తలుపుకి అంటించారు. ఊరు పేరు తప్పుల్లేకుండా ఉంది. లారీ వచ్చిందని తెలిసి ఊళ్ళో ఆడవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. నాన్న తన బస్తాలు బండిలో వేయించుకుంటూ పెద్దగా, "మా అల్లుడు రాసిన లెక్క!" అనబోయి నా వైపు చూశాడు. నేను, "కాదు నాన్నా, ఇది మా మరిది మరియదాసు రాసింది" అన్నాను. "అట్టనా? ఆ కుర్రోడేనా?" అని ఆశ్చర్యపోయి, వెంటనే అందరికీ ఆ మాటే చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకి చెప్పుకోవడానికి ఎవరో ఒకరుంటే చాలు.

అంతా బాగుందని రాయను. ఆలస్యమైంది. యూరియా చల్లాక చేను పచ్చబడింది గాని పిలకలు రావలసినన్ని రాలేదు. ఈ ఏడు పంట తగ్గుతుంది. నాన్న గట్టు మీద కూర్చుని ఒక్కో దుబ్బూ చేత్తో విడదీసి చూశాడు. "ఏం చేత్తాం, కాలవ చివర పుట్టాం" అన్నాడు. నా వల్ల అని ఆయనకి తెలియదు. చెబుదామనుకున్నాను. చెప్తే, "పోనీలేమ్మా" అంటాడు, అది ఇంకా భారం. చెప్పలేదు. నీకొక్కడికే తెలుసు.

మిగిలినవి ఏం చేస్తాయో రాయమంటావా అని అడిగావు. వద్దు. ఉన్నాయన్నావు, చాలు. ఏ వేళకి నడుస్తాయో కూడా రాయకు. తెలిస్తే మళ్ళీ ఆ వేళకి ఎదురుచూస్తాను.

నిన్న సాయంత్రం డిపో నుంచి నాన్న బండి మీద ముందు వెళ్ళిపోయాడు. నేను కాలవ గట్టు మీద ఒక్కదాన్నే నడిచి వచ్చాను. మనసు తేలిగ్గా ఉంది. ఇంటికి వెళ్లగానే ఈ సంగతంతా చెప్పాలి అనుకున్నాను. లారీ ఎలా వచ్చిందో, నాన్న ఎలా అరిచాడో, అన్నీ వరస పెట్టుకుంటూ నడిచాను. గుమ్మం దాకా వచ్చాక తోచింది, నేను చెప్పాలనుకుంటున్నది ఆయనకేనని. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను. నాన్న అప్పటికే నిద్రపోతున్నాడు. తెల్లారగానే పెట్టె తెరిచి కాగితం తీసుకున్నాను. అలా నీకు రాస్తున్నాను.

ఆయనకి చెప్పవలసినవి నీకు రాయడం నీకు ఇష్టమో కాదో నాకు తెలియదు. ఇష్టం లేకపోతే చెప్పెయ్. ఉంటే మాత్రం ఈసారి మెషీన్ సంగతులు కాకుండా, పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఏం చేశావో రాయి. ఏం తిన్నావు, ఎవరితో మాట్లాడావు, ఏ జోకుకి ఆలస్యంగా నవ్వావు. పెద్ద విషయాలు ఏమీ ఉండక్కర్లేదు. ఎవరో ఒకరు సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పినట్టు ఉంటే చాలు.

సంపూర్ణమ్మ